కాదంటే కాదని కాగితం మీద రాసివ్వండి: రిజిస్ట్రేషన్ శాఖకు ఒక బహిరంగ లేఖ

స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు, తహసీల్దార్లకు, సబ్ రిజిస్ట్రార్ సార్లకు, మేడమ్‌లకు

నమస్కారం.

మాది నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టుకుని బతికే టౌన్లలో ఒకటి. ఊరి పేరు, ఆఫీసు పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే నాకు ఏ ఒక్క ఆఫీసు మీదా పగ లేదు, ఈ ఏడు నెలల్లో లైన్లలో నాతో పాటు నిలబడ్డవాళ్ళ మాటలు విన్నాక ఏ ఊళ్ళో అయినా ఇదే తంతు అని అర్థమైంది. మూడు అర్జీలు ఇచ్చా, నాలుగు సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో నిలబడ్డా, ఒక ఆర్టీఐ పెట్టా. అవును అని లేదు, కాదు అని కూడా లేదు. అందుకే ఇది అందరి ముందూ పెడుతున్నా.

నేను అడిగేది చాలా చిన్న విషయం అండి. ఇల్లు రిజిస్ట్రేషన్ చెయ్యమని కూడా ఇప్పుడు అడగట్లేదు. చెయ్యం అంటే ఎందుకు చెయ్యరో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చేతికివ్వండి అంటున్నా.

ముందు మా ఇంటి సంగతి చెప్తా.

మా నాన్న 1991లో 200 గజాల జాగా రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తో కొన్నాడు. దొంగతనంగా కొనలేదు, మీ ఆఫీసులోనే, మీరు అమ్మిన స్టాంపు కాగితం మీద, మీ సీలు పడిన దస్తావేజుతోనే కొన్నాడు. తర్వాత పర్మిషన్ తీసుకుని రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు వేప చెట్టు కింద అరుగు కట్టుకున్నాడు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు మీటర్ అన్నీ ఆయన పేరు మీదే. 2019లో నాన్న పోయాడు. విల్లు రాయలేదు. ఆయన సొంతంగా సంపాదించింది కాబట్టి అమ్మకి, నాకు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి, పెళ్ళై వెళ్ళిన చెల్లెకి తలా పావు వాటా. నలుగురం సంతకం పెడితేనే అమ్మకం. ఈ విషయంలో మా ఇంట్లో గొడవేమీ లేదు, చెల్లె కూడా సరే అన్నా అంది. (గొడవలు ఉన్నవాళ్ళ సంగతి తలుచుకుంటే నాకు భయమేస్తుంది, గొడవ లేని మాకే ఇంత అయింది.)

అమ్మాల్సి ఎందుకొచ్చిందంటే తమ్ముడి వీసా అప్పు, అమ్మ రెండు మోకాళ్ళ ఆపరేషన్. ఇంతకన్నా రాయను.

ఇల్లు అమ్మడం అంటే రేటు కుదిరి చేతులు కలపడమే అనుకునేవాణ్ణి. కాదు, కాగితాలు కూడబెట్టడమే అసలు పని. మాకు ఆ పనికే నాలుగు నెలలు పట్టింది, ఇందులో సగం టైమ్ ఎవరో ఒకరు తప్పు చెప్పడం వల్ల పోయింది. డాక్యుమెంట్ రైటర్ ఒకాయన కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాలన్నాడు. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు, అది బ్యాంకు డబ్బులు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం ఇచ్చేది, ఇంటికి సంబంధం లేదన్నాడు. కొనేవాళ్ళ బ్యాంకు అడిగింది నాన్న డెత్ సర్టిఫికెట్, తహసీల్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నలుగురి సంతకాలు, అంతే. ఆ తప్పుడు మాట పట్టుకుని కోర్టు చుట్టూ తిరిగింది ఇరవై రోజులు.

ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం, తీశాం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది కాబట్టి 30 ఏళ్ళ ఈసీ సులభంగానే దొరికింది, ఇది మాత్రం మీ శాఖ చేసిన మంచి పని, ఒప్పుకోవాలి. కానీ అందులో 2004లో నాన్న ఇంటి మీద తీసుకున్న లోన్ తాలూకు మార్ట్‌గేజ్ ఇంకా కనపడుతుంది. ఆ లోన్ 2013లోనే తీరిపోయింది, ఒరిజినల్ కాగితాలు కూడా అప్పుడే ఇచ్చేశారు, తనఖా తీరిందనే రిలీజ్ కాగితం మాత్రం ఎవరూ రిజిస్టర్ చేయించలేదు, చేయించాలని నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడైతే రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, 2023 డిసెంబర్ 1 నుంచి లోన్ తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇచ్చి, ఎక్కడెక్కడ చార్జ్ రాయించారో అక్కడ తీయించాలి, లేటైతే రోజుకి 5,000 చొప్పున బ్యాంకే కట్టాలి. మాది పాత లోన్ కాబట్టి ఆ రూల్ మాకు పనికిరాలేదు, బ్రాంచ్ మేనేజర్ మంచాయన కావడంతో ఆరు వారాల్లో పని అయింది.

తమ్ముడు అక్కడి మన కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాడు. అది ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, లేకపోతే చెల్లదు. అదీ టైమ్‌కే చేయించాం. వాడు దాని కోసం రెండు రోజుల జీతం వదులుకున్నాడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క కోసం ఇంకో కాగితం. 2001 కన్నా ముందు కొన్న ఇల్లు అమ్మితే, కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, కానీ అది అప్పటి మీ రిజిస్ట్రేషన్ విలువని దాటకూడదు. అంటే 2001లో మా వీధికి గజం ఎంత అని మీరు రాసుకున్న ధర కావాలి. ఆ ఒక్క అంకె కోసం మూడుసార్లు తిప్పారు, పాత రిజిస్టర్ పై గదిలో ఉంది, తాళం చెవి ఉన్నాయన లీవ్‌లో ఉన్నాడు అని.

సరే, ఇవన్నీ అయ్యాయి. బేరం 48 లక్షలకి కుదిరింది. కొన్నది పక్క వీధి గవర్నమెంట్ టీచర్ గారు, సొంత డబ్బు కొంత, బ్యాంకు లోన్ కొంత. బయానా (అడ్వాన్స్) 5 లక్షలు చెక్కు ద్వారానే తీసుకున్నాం, ఇంటి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదని నాకు తెలుసు. అగ్రిమెంట్ మూడు నెలలకి. రేటు తక్కువ చూపించి మిగతాది చేతిలో తీసుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, మేము ఒప్పుకోలేదు, 48 అంటే 48 రాయించాం. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం, అంటే 3 లక్షల 60 వేలు టీచర్ గారు చలానా కట్టేశారు. స్లాట్ బుక్ అయింది.

ఇప్పుడు ఆ రోజు.

మీ ఆఫీసు మొదటి అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ లేదు. అమ్మ మెట్లు ఎక్కలేదు, కింద జిరాక్స్ షాపు వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ అడిగి, అందులో కూర్చోబెట్టి నేను, మా బావ చెరో పక్క పట్టుకుని పైకి ఎక్కించాం. మధ్య మలుపు దగ్గర కుర్చీ కాలు ఒంగింది, అమ్మ భయపడి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. తర్వాత ఇంటికొచ్చి చట్టం చదివితే తెలిసింది, కదల్లేనివాళ్ళ దగ్గరికి ఆఫీసరే ఇంటికి వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకోవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉందట, 31వ సెక్షన్, 38వ సెక్షన్. ఆ ఆఫీసు గోడ మీద ఎన్నో బోర్డులు ఉన్నాయి, ఈ మాట ఉన్న బోర్డు ఒక్కటీ లేదు.

వేలిముద్ర పడలేదు. అమ్మ పదేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టింది, తునికాకు, తంబాకు, కత్తెర, యాభై ఏళ్ళు. బొటనవేలు చూస్తే గాజులా నున్నగా ఉంటుంది, గీతలు లేవు. మెషీన్ మీద పెట్టిన ప్రతిసారీ ఎర్ర లైటు. నీళ్ళలో ముంచి కొంగుతో తుడిచి పెట్టింది, ఎర్ర లైటే. ఎవరో కొబ్బరి నూనె రాయమన్నారు. ఆ పిల్లాడు, కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాడు, పాపం మంచివాడే, "అమ్మా ఇంకో వేలు పెట్టుండ్రి, ఇంకో వేలు" అంటూ పది వేళ్ళూ అయ్యేదాకా ఓపిగ్గా చూశాడు. కంటిపాప చూసే మెషీన్ పక్క ఆఫీసు నుంచి తెస్తామన్నారు. మా జిల్లాల్లో ఇలాంటి వేళ్ళు ఒకటా రెండా, ఇంటికొకటి ఉంటాయి, ఆ మెషీన్ ఇక్కడే ఉండాలి కదా అని నాకు అప్పుడే అనిపించింది.

ఆ మెషీన్ కోసం ఆగినప్పుడు పక్క సీటు ఆయన మా లింక్ డాక్యుమెంట్, అంటే నాన్న పాత దస్తావేజు, తిరగేసి సర్వే నంబర్ కొట్టాడు. అప్పటిదాకా అన్నీ ఇంటి నంబర్‌తో, అసెస్‌మెంట్ నంబర్‌తో చూశారు, ఏమీ రాలేదు. సర్వే నంబర్‌తో కొడితే స్క్రీన్ మీద నిషేధిత జాబితా అని వచ్చింది. "గిది 22ఏ ల ఉన్నది, అయితలేదు" అన్నాడు. అంతే. నాలుగు నెలల పని ఆ ఒక్క ముక్కతో పోయింది. అమ్మకి అర్థం కాలేదు, "నా ఏలు పడలేదనా బిడ్డా?" అని అడిగింది. కాదమ్మా అని చెప్పి మళ్ళీ కుర్చీలో కిందికి దించాం. ఇప్పటికీ ఆమె తన వేలు వల్లే ఆగిపోయిందనుకుంటుంది.

22ఏ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి రాష్ట్రంలో 2007లో తెచ్చిన సవరణ అది. సర్కారు భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు, సర్కారు పేదలకిచ్చిన, అమ్మకూడదని చట్టమే చెప్పిన అసైన్డ్ భూములు లాంటివి ఎవరో అమ్మేసుకోకుండా ఆపడానికి. ఉద్దేశం మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు, సర్కారు జాగాలు అమ్ముకున్నవాళ్ళని నేనూ చూశా. కానీ మా దగ్గర జరిగింది ఏంటంటే, తహసీల్ ఆఫీసులో ఒకాయన నోటిమాటగా చెప్పిన ప్రకారం, ఆ సర్వే నంబర్ మొత్తం 14 ఎకరాలు, అందులో సర్కారుది 2 ఎకరాల 10 గుంటలు. అది ఏ మూలన ఉందో విడదీసి సబ్ నంబర్ ఇవ్వలేదు కాబట్టి 14 ఎకరాలకీ తాళం వేశారు. ఆ మిగతా జాగాలో వీధులున్నాయి, బడి ఉంది, మసీదు ఉంది, మా ఇల్లు ఉంది. అదే సర్వే నంబర్‌లో 2022లో, 2023లో మూడు ఇళ్ళు మీ దగ్గరే రిజిస్టర్ అయ్యాయి, ఈసీలో ఉన్నాయి. మరి మధ్యలో ఎప్పుడు తాళం పడింది, ఎవరు వేశారు, ఏ ఉత్తరం మీద? ఈ మూడు ప్రశ్నలకే జవాబు లేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తహసీల్దార్‌ని అడగమంది. తహసీల్ ఆఫీసు కలెక్టరేట్‌కి వెళ్ళమంది. కలెక్టరేట్‌లో అర్జీ తీసుకుని మళ్ళీ తహసీల్‌కి రిపోర్ట్ కోసం పంపారు. తహసీల్‌లో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ అనే పాత భూమి రికార్డుల నకలు తెమ్మన్నారు, ఆ రికార్డు ఉన్నది వాళ్ళ బీరువాలోనే. ఆర్టీఐ పెడితే దాన్ని ఇంకో ఆఫీసుకి బదిలీ చేశామని జవాబొచ్చింది. ఆ ఇంకో ఆఫీసు నుంచి ఇప్పటికి ఏమీ రాలేదు.

ఇక నా అసలు మాట. చట్టం 71వ సెక్షన్ చాలా స్పష్టంగా చెప్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఒక దస్తావేజు రిజిస్టర్ చెయ్యను అంటే, ఎందుకు చెయ్యనో ఆర్డర్ రాయాలి, కారణాలు బుక్ నంబర్ 2లో ఎక్కించాలి, దస్తావేజు మీద నిరాకరించామని రాయాలి, మనం అడిగితే ఆ కారణాల కాపీ పైసా తీసుకోకుండా, లేటు చెయ్యకుండా ఇవ్వాలి. ఆ ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లో 72వ సెక్షన్ కింద జిల్లా రిజిస్ట్రార్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. 2015 డిసెంబర్‌లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ 22ఏ మీదే తీర్పు ఇస్తూ, ఏ జాబితా చూసి కాదన్నారో దాని నకలు అడిగితే 10 రోజుల్లో ఇవ్వాలంది. ఇంత చక్కటి దారి ఉంది. కానీ ఆ దారిలో కాలు పెట్టాలంటే మొదటి కాగితం, ఆ నిరాకరణ ఆర్డర్, చేతిలో ఉండాలి. మేము అది అడిగితే వచ్చిన జవాబు వినండి: "మీ డాక్యుమెంట్ ఇంకా ప్రెజెంట్ కాలేదు కదా, ప్రెజెంట్ కానిదాన్ని రిజెక్ట్ చేసినట్టు ఎట్ల రాస్తం?" సరే, ప్రెజెంట్ చేస్తాం తీసుకోండి అంటే, "22ఏ ల ఉన్నది ఎట్ల తీసుకుంటం?"

తీసుకోరు కాబట్టి కాదనరు, కాదనరు కాబట్టి కాగితం రాదు, కాగితం లేదు కాబట్టి అప్పీల్ లేదు. నేను లెక్కల మాస్టారిని కాదు గానీ ఈ లెక్క బాగా అర్థమైంది.

ఇందువల్ల మామూలు జనానికి ఏమవుతుందో వరసగా చెప్తా, నాది ఒక్కటే కాదు, లైన్లో నాతో నిలబడ్డవాళ్ళవి కూడా.

1. బయానా తిరిగివ్వాలి. మా 5 లక్షల్లో 4 లక్షలు తమ్ముడి అప్పుకి అప్పటికే కట్టేశాం. టీచర్ గారు రెండు నెలలు ఆగారు, ఆయన లోన్ శాంక్షన్ గడువు అయిపోయింది, ఆయన తప్పేమీ లేదు. అగ్రిమెంట్ ప్రకారం నష్టపరిహారం కూడా అడగొచ్చు, అడగలేదు, మా అసలు మాకిస్తే చాలన్నారు. ఆ 4 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఇచ్చా. నెలకి 8,000. ఐదు నెలలకి 40,000 అయింది, ఈ మిత్తి ఏ ఆఫీసు కడుతుంది?

2. చలానా. టీచర్ గారు కట్టిన 3 లక్షల 60 వేలు వెనక్కి రావాలంటే దానికి వేరే అర్జీ, వేరే తిరుగుడు. కొనేవాడు ఇల్లు పోగొట్టుకున్నాడు, డ్యూటీ డబ్బు కూడా ఇరుక్కుంది.

3. గడువులన్నీ మాకే. దస్తావేజు మీద సంతకం పెట్టిన నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి, అది దాటితే ఇంకో నాలుగు నెలలు, ఫీజుకి పది రెట్ల దాకా జరిమానాతో. తమ్ముడి పవర్‌కి మూడు నెలలు. అగ్రిమెంట్‌కి మూడు నెలలు. బ్యాంకు శాంక్షన్‌కి గడువు. అప్పీల్‌కి 30 రోజులు. జాబితాలో మా నంబర్ ఎందుకుందో చెప్పడానికి మాత్రం ఏడు నెలలైనా మీకు గడువు లేదు.

4. తెల్లకాగితం అమ్మకాలు. రిజిస్ట్రేషన్ కాదని నోటిమాటతో పంపిస్తే జనం ఇల్లు అమ్ముకోకుండా ఊరుకోరండి, ఆపరేషన్ ఆగదు, పెళ్ళి ఆగదు. మా పక్క వీధిలోనే నోటరీ మీద రెండు ఇళ్ళు చేతులు మారాయి, 48 పలికేది 30కి పోయింది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), నోటరీ కాగితాలతో ఇంటి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కొన్నవాడికి లోన్ రాదు, రేపు అమ్మినాయన చనిపోతే ఆయన పిల్లలు వచ్చి మాది అంటారు. అప్పుడు పదేళ్ళ కోర్టు కేసు. ఆ కేసులన్నీ పుట్టేది మీ కౌంటర్ దగ్గరే, మీరు అయితలేదు అన్న ఆ నిమిషంలో.

5. చాయ్ బండి దగ్గర మాట్లాడే మనుషులు. లోపల కాదన్న పనిని బయట ఒకాయన లక్షన్నరకి చూసుకుంటా అన్నాడు. ఆయన చేయించగలడో లేదో నాకు తెలియదు, లోపలివాళ్ళకి ఆయనతో సంబంధం ఉందని కూడా నేను అనట్లేదు. కానీ కారణం కాగితం మీద ఉంటే ఆయనకి చెప్పడానికి ఏముంటుంది? ఎవరికీ తెలియని దాన్నే ఆయన అమ్ముకుంటున్నాడు.

6. ముసలివాళ్ళు. లైన్లో ఒకావిడ చెప్పింది, వాళ్ళాయన నడవలేడు, మూడుసార్లు ఆటోలో తెచ్చి మూడుసార్లు సర్వర్ డౌన్ అని తీసుకెళ్ళింది. నాలుగోసారి ఆయన రానన్నాడట.

ఇక మేము అడిగేవి.

ఒకటి. ఆన్‌లైన్‌లో గానీ కౌంటర్‌లో గానీ, రిజిస్ట్రేషన్‌కి ముందు వివరాలు సరిచూసే చెక్ స్లిప్ దశలోనైనా సరే, స్లాట్ రోజునైనా సరే, రిజిస్ట్రేషన్ కాదు అంటే అదే రోజు కారణం రాసి, తేదీ వేసి, ఆఫీసర్ సంతకంతో ఇవ్వాలి. ప్రెజెంట్ కాలేదు అనే సాకు పనికిరాదని శాఖ నుంచి అన్ని ఆఫీసులకీ సర్క్యులర్ పంపండి. దస్తావేజు తెచ్చినవాడు ప్రెజెంట్ చేస్తానంటే తీసుకోవాలి, తీసుకుని కాదనాలనిపిస్తే కాదనండి. మిగతావి ఏవీ ఒప్పుకోకపోయినా ఈ ఒక్కటి చెయ్యండి. ఇది చేస్తే మిగతావి మేమే అప్పీళ్ళతో సాధించుకుంటాం.

రెండు. నిషేధిత జాబితాలో ప్రతి సర్వే నంబర్ పక్కన ఏ ఆఫీసు ఏ తేదీన ఏ లెటర్ నంబర్ మీద పంపింది, మొత్తం విస్తీర్ణంలో ఎంత భాగం, ఏ కారణం, ఇవి కనపడాలి. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది అవును, కాదు అంతే.

మూడు. సగం సర్కారుది సగం పట్టాది అయిన సర్వే నంబర్లు విడగొట్టడానికి ప్రతి మండలానికి ఒక గడువు పెట్టండి. సర్వేయర్లు తక్కువున్నారని నాకు తెలుసు, తహసీల్‌లో అదే చెప్పారు. అయితే ముందు ఇళ్ళున్న నంబర్లు తీసుకోండి, ఖాళీ పొలాలు తర్వాత. అప్పటిదాకా ఇంటి నంబర్‌తో, పాత రిజిస్టర్డ్ డాక్యుమెంట్‌తో, పన్ను రసీదులతో వచ్చినవాళ్ళ కేసులు 30 రోజుల్లో తేల్చండి.

నాలుగు. జనం బయానా తీసుకోకముందే చూసుకునేలా ఇంటి నంబర్ కొడితే దాని సర్వే నంబర్, ఆ సర్వే నంబర్ కొడితే 22ఏ సంగతి, రెండూ ఒకేచోట కనపడాలి. మాకు ఇది ముందే కనపడి ఉంటే అసలు బేరమే పెట్టేవాళ్ళం కాదు. ఇల్లు అమ్మాలనుకునేవాళ్ళకి నాదో మాట: ఈసీ చూసి ఊరుకోకండి, నాన్నగారి దస్తావేజులో ఉన్న సర్వే నంబర్‌తో నిషేధిత జాబితా కూడా చూసుకుని అప్పుడు బయానా ముట్టండి.

ఐదు. కదల్లేనివాళ్ళ ఇంటికి వచ్చే సెక్షన్ల గురించి, ఫీజు ఎంతో కూడా రాసి, మెట్ల కింద, మెట్ల పైన కాదు, బోర్డు పెట్టండి. బీడీలు చుట్టే జిల్లాల్లో ప్రతి ఆఫీసులో కంటిపాప మెషీన్ ఉంచండి.

ఆరు. ఆఫీసు కారణంగా ఆగిన రిజిస్ట్రేషన్ల చలానా డబ్బు అర్జీ లేకుండా కట్టినవాళ్ళ అకౌంట్‌కే వెనక్కి వెయ్యండి. 2001 ఏప్రిల్ నాటి విలువలు వెబ్‌సైట్‌లో పెట్టండి, ఆ తాళం చెవి ఆయన కూడా హాయిగా లీవ్ పెట్టుకుంటాడు.

మీ స్టాఫ్ మీద ఎంత పని ఉందో నేను చూశా, పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ చిన్న హాల్లో ఫ్యాన్ కింద వాళ్ళు కూడా నలుగుతున్నారు. వాళ్ళు రాసివ్వడానికి భయపడుతున్నారని కూడా అర్థమైంది. రాస్తే రేపు కోర్టులో తన సంతకం కనపడుతుంది, నోటితో చెప్తే ఎవరి మీదకీ రాదు. ఆ భయం పోగొట్టాల్సింది పైన ఉన్న మీరు, అందుకే ఇది కింది కౌంటర్‌కి కాకుండా మీకు రాస్తున్నా.

వచ్చే సోమవారం ప్రజావాణికి ఐదోసారి వస్తున్నా. ఈసారి అర్జీలో ఇల్లు రిజిస్ట్రేషన్ చెయ్యండి అని రాయలేదు. 71వ సెక్షన్ కింద నిరాకరణ ఆర్డర్ ఇప్పించండి, 10 రోజుల్లో జాబితా నకలు ఇప్పించండి, అని రెండే లైన్లు రాశా. పాత దస్తావేజు జిరాక్స్, ఈసీ, చలానా కాపీ వెనక కుట్టా. రెండు కాపీలు తెస్తున్నా, ఒకటి మీకు, ఇంకోదాని మీద మీ రిసీవ్డ్ ముద్ర వేసి తేదీ రాసి నాకివ్వండి. అమ్మ కూడా వస్తా అంటుంది, వద్దన్నా వినట్లేదు. మీ ప్రజావాణి హాలు కింది అంతస్తులోనే ఉంది కాబట్టి కుర్చీ మోయాల్సిన పని లేదు.

ఇట్లు,
నలుగురు వారసుల్లో పెద్దవాడు